మకాన్, మకీన్: పాత ఆస్తి ఎవరివల్ల నిలుస్తుంది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టి చూడు అని మాత్రం అనలేదు. ఆ కాలంలో ఇంటినిండా మనుషులుండేవారు గనక ఆ మాట అవసరం పడి ఉండదు. ఇప్పుడు పడింది. మన నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో తాతలనాటి పెంకుటిళ్ళు కొన్ని, పెరటి మామిడి చెట్లతో సహా, తాళాలు వేసి ఉన్నాయి. వారసులు విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. ఈ సందర్భంలో చాలా పెద్ద వారసత్వం చేతికొచ్చిన ఒక మనిషి చరిత్ర తెలుసుకోవడం మంచిదని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24న కాలం చేశారు. ఆయన కొడుకును కాదని మనుమణ్ణి వారసుడిగా నిర్ణయించి ఉన్నారు. ఆ మనుమడు ముకర్రం జా బహాదూర్ అదే ఏడాది ఏప్రిల్ 6న చౌమహల్లా మహల్లో గద్దె ఎక్కారు. రాజ్యం 1948లోనే పోయింది. మిగిలినవి బిరుదు, మహళ్ళు, వేలమంది ఆశ్రితులు, బంధువుల దావాలు. 1971లో రాజ్యాంగం 26వ సవరణతో రాజభరణమూ, బిరుదుకున్న గుర్తింపూ కూడా రద్దయ్యాయి.

అప్పుడాయన ఏం చేశారు? 1970 దశకం మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో, కల్బారీ అనే ఊరి దగ్గర, మర్చిసన్ నది పక్కనున్న ఒక పాత గొర్రెల క్షేత్రం కొన్నారు. పేరు మర్చిసన్ హౌస్ స్టేషన్. 1850ల నాటిది. విస్తీర్ణం సుమారు 5 లక్షల ఎకరాలని చెప్తారు. నిజాం గారు అక్కడికే వెళ్ళి కాపురం పెట్టారు. గద్దె మీద కంటే బుల్‌డోజర్ మీద కూర్చోవడమే ఆయనకు ఇష్టమని, డీజిల్ ఇంజన్లు విప్పి బిగించడం సరదా అని ఆయన గురించి రాసినవాళ్ళందరూ చెప్పారు.

అక్కడి ఋతువులు మనకు తలకిందులు. మనకు సంక్రాంతి చలి పెట్టేటప్పుడు వాళ్ళకు మండుటెండలు. జూన్, జూలైల్లో వాళ్ళది చలికాలం, కురిసే కాస్త వాన అప్పుడే. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి బీడంతా అడవిపూలు. ఎండాకాలంలో గొర్రెలకు నీళ్ళు చూసుకోవాలి, ఏటా ఉన్ని కత్తిరించాలి, మైళ్ళకొద్దీ కంచె బాగుచెయ్యాలి. ఆ పనులు వాయిదా వేస్తే ఆగవు.

ఇటు హైదరాబాదులో చౌమహల్లా సంగతి చూడండి. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టగా, అఫ్జలుద్దౌలా కాలంలో (1857-69) పూర్తయిన మహల్ అది. యజమాని దూరదేశంలో ఉండగా అది పాడుబడింది. అటు ఆస్ట్రేలియాలో కూడా అప్పులు, కోర్టు వ్యవహారాలు మీద పడి 1990లలో ఆ క్షేత్రం చేజారింది. ఆయన టర్కీ వెళ్ళిపోయారు. ఒకచోట ఆస్తి ఉంది గాని ఉండే మనిషి లేడు. మరోచోట మనిషి ఉన్నాడు గాని లెక్క సరిగా లేదు. రెండూ ఉంటేనే ఆస్తి నిలుస్తుందని దీనివల్ల తెలుస్తోంది గదా!

తరవాత ఆయన మొదటి భార్య ఎస్రా బేగం పూనుకుని చౌమహల్లాను బాగుచేయించారు. 2005లో ప్రజలకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. 2023 జనవరి 14న ముకర్రం జా ఇస్తాంబుల్లో కన్నుమూస్తే, భౌతికకాయాన్ని ఆ చౌమహల్లాకే తెచ్చి జనం దర్శనానికి ఉంచి, మక్కా మసీదులో ఖననం చేశారు. ఆ మహల్లో ఖిల్వత్ గడియారం ఒకటుంది. రెండు వందల యాభై ఏళ్ళుగా నడుస్తోందంటారు. గడియారాల పని తెలిసిన ఒక కుటుంబంవారు వారంవారం దానికి తాళం తిప్పుతారు. అందులో మహిమేమీ లేదు, ఎవరో ఒకరు తప్పకుండా వెళ్తున్నారు, అంతే. షరఫుల్ మకాన్ బిల్ మకీన్ అని అరబీ సామెత. ఇంటికి గౌరవం ఇంట్లో ఉండేవాడివల్ల అని అర్థం.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. హిజ్రీ సంవత్సరం సౌరమానం కంటే 11 రోజులు చిన్నది. రంజాన్ సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టివస్తుంది. పంట అలా తిరగదు. అందుకే మొగలాయిల కాలంలో శిస్తు కోసం ఫసలీ లెక్క పెట్టారు. ఫస్ల్ అంటే ఋతువు, పంట కూడా. మన రెవిన్యూ రికార్డుల్లో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. 2025 జూలై 1న 1435వ ఫసలీ వచ్చింది. ఇబాదత్‌కు చంద్రుడు, ఇంటికీ పొలానికీ ఋతువు, ఇదీ వాళ్ళ పద్ధతి.

పెంకుటిల్లు కూడా ఆ లెక్కనే అడుగుతుంది. ఎండాకాలంలో నూతిలో పూడిక తీయించాలి, తొలకరికి ముందే పెంకులు సర్దించాలి. వానల్లో దూలాలకు, వాసాలకు చెద పడుతోందేమో చూడాలి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన జిల్లాను ఎలా ఊపేసిందో అందరికీ గుర్తే. అటువంటి గాలికి లేచిన పెంకును మర్నాడే సర్దితే పది పెంకులతో పోతుంది. తాళం వేసిన ఇంట్లో అయితే వాసం తడిసి, దూలం కుళ్ళి, గోడ దాకా వస్తుంది. లంబసింగి వైపునుంచి చలి దిగేసరికి గోడ మరమ్మతు, వెల్ల పని పెట్టుకోవాలి. పాత సున్నపు గోడకు సిమెంటు పూయించకండి. చెమ్మ లోపలే ఉండిపోయి గోడ దెబ్బతింటుంది. సున్నానికి సున్నమే వేయాలి.

ఇక అసలు చిక్కు వాటాలది. షరియత్ ప్రకారం కొడుక్కీ కూతురికీ రావలసిన వాటా వచ్చి తీరాలి, దాన్ని కాదనకూడదు. అయితే కాగితం మీద వాటాలు పంచవచ్చు గాని ఇంటి కప్పును పంచలేం. అందరిదీ అయిన కప్పుకు ఎవరూ డబ్బు తియ్యరు. కాబట్టి నా మనవి ఇది. వాటాదారులు కూర్చుని, ఇంట్లో ఎవరుండాలో, ఏటా వాటా చొప్పున మరమ్మతుకు ఎవరెంత ఇవ్వాలో, తోట ఆదాయం లెక్క ఎవరు రాయాలో ఒక కాగితం రాసుకోవాలి. ఉండేవారు లేకపోతే బీద కుటుంబాన్ని తక్కువ అద్దెకు ఉంచండి. పొయ్యి వెలిగే ఇంట్లో కారే చుక్క ఆ రోజే కనబడుతుంది. ఏదీ కుదరకపోతే ఇల్లు నిలబడి ఉండగానే న్యాయంగా అమ్మి పంచుకోండి. కూలిపోయాక పంచుకునేది తగాదా ఒక్కటే. ఈ వేసవిలో తొలకరి రాకముందే ఆ కాగితం పని మొదలుపెట్టండి.