పరీక్షే సంకెలగా మారినప్పుడు: గ్వాంటనామోలో హైతీ శరణార్థులు

గ్వాంటనామో అనగానే 2001 తరువాత అక్కడ బంధించిన ఉగ్రవాద నిందితులే గుర్తుకు వస్తారు. అంతకు పదేళ్ళ మునుపే, క్యూబా గడ్డ మీద ఉన్న ఆ అమెరికా నౌకాస్థావరంలో మరొక నిర్బంధ శిబిరం వెలసింది. అందులోని బందీల మీద నేరారోపణ ఏదీ లేదు. వారిలో అత్యధికులు హెచ్‌ఐవి సోకిన హైతీ శరణార్థులు. తక్కినవారు వారి కుటుంబసభ్యులు.

1991 సెప్టెంబరు 30న హైతీలో సైన్యం తిరుగుబాటు చేసి, ఎన్నికైన అధ్యక్షుడు అరిస్టీడ్‌ను కూలదోసింది. హింసకు వెరచిన వేలాది ప్రజలు ఏ అనుమతి పత్రాలూ లేకుండా పడవలెక్కారు. అమెరికా తీరరక్షక దళం వారిని నడిసముద్రంలోనే ఆపి గ్వాంటనామోకు తరలించింది. స్వదేశానికి తిరిగివెళితే హింస తప్పదన్న వారి భయం నమ్మదగినదని తేలితే, శరణు కోరడానికి అమెరికాకు పంపేవారు. అయితే అలా అర్హత పొందినవారిలో 200 మందికి పైగా రక్తంలో హెచ్‌ఐవి బయటపడింది. వారికి దారి మూసుకుపోయింది.

ఈ నిర్ణయానికి పూర్వరంగం ఉన్నది. 1983లో అమెరికా ఆరోగ్యాధికారులు ఎయిడ్స్ ముప్పు ఉన్న వర్గాలలో హైతీయులను చేర్చారు. ఒక జాతినే రోగానికి చిరునామాగా చూపిన ఆ వర్గీకరణను 1985లో తొలగించినా, పడిన మచ్చ చెరగలేదు. 1987లో హెచ్‌ఐవి ఉన్న విదేశీయుల ప్రవేశాన్ని నిషేధించారు. శరణార్థులకు మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, వీరి విషయంలో దానిని వినియోగించలేదు.

ముళ్ళకంచెల నడుమ రోగం ముదిరినవారికి తగిన చికిత్స అందించే వసతి లేదు. ఆ మాట అక్కడి సైనిక వైద్యులే చెప్పి, కొందరిని అమెరికా ఆసుపత్రులకు తరలించమని కోరారు. వలస అధికారులు నిరాకరించారు. 1993 జనవరిలో బందీలు నిరాహారదీక్షకు దిగారు. యేల్ న్యాయ విద్యార్థులు తమ ఆచార్యుడు హెరాల్డ్ కో నాయకత్వంలో వారి పక్షాన వ్యాజ్యం నడిపారు. 1993 జూన్ 8న న్యాయమూర్తి స్టెర్లింగ్ జాన్సన్ ఈ నిర్బంధం చట్టవిరుద్ధమని, బందీలను విడుదల చేయాలని తీర్పు చెప్పాడు. శిబిరం ఖాళీ అయింది. మిగిలినవారు అమెరికా చేరారు.

అయితే సరిగ్గా రెండు రోజుల తరువాత, జూన్ 10న, హెచ్‌ఐవి ప్రవేశ నిషేధాన్ని శాసనంలోకి ఎక్కించిన చట్టం మీద అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశాడు. పైగా ప్రభుత్వం రాజీ ఒప్పందం ద్వారా జాన్సన్ తీర్పునే రద్దు చేయించింది. భావి వ్యాజ్యాలకు అది ప్రమాణం కాకుండా పోయింది. మనుషులు బయటపడ్డారు గాని, వారిని బంధించిన తర్కం నిలిచింది. ఆ నిషేధం తొలగినది 2010 జనవరి 4న మాత్రమే.

ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళేవారికి హెచ్‌ఐవి పరీక్ష తప్పనిసరి. వైరస్ కనబడితే నివాసానుమతి దక్కదు, స్వదేశానికి తిరుగుముఖం పట్టవలసిందే. ఇంగ్లండు 2012 అక్టోబరు నుండి వేరొక మార్గం పట్టింది: నివాస పత్రాలు లేనివారికి సైతం హెచ్‌ఐవి చికిత్స ఉచితం చేసింది. అందులో దయతో పాటు వైద్యశాస్త్ర వివేకమూ ఉన్నది. క్రమం తప్పని చికిత్సతో రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినప్పుడు, లైంగిక సంపర్కం ద్వారా అది ఇతరులకు సోకదు. పరీక్ష చేయించుకుంటే దేశం నుండి వెళ్ళగొడతారన్న భయం ఉన్నచోట రోగి వైద్యుని గడప తొక్కడు. అప్పుడు నష్టపోయేది అతడొక్కడే కాదు.