గోల్కొండ శిథిలాలు: మార్గదర్శి కథనం, తెలుగు వాఙ్మయ సాక్ష్యం

ప్రవేశిక

గోల్కొండ కోటను, దాని బంజారా దర్వాజాకు సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న కుతుబ్‌షాహీ సమాధులను ఒకే దినంలో చూపించడం హైదరాబాదు పర్యటనల్లో స్థిరపడిన పద్ధతి. ఉదయం కోట, మధ్యాహ్నం సమాధులు. విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన యాత్రలకూ ఇదే క్రమం అనుకూలం. ఆ దినమంతా స్థానిక మార్గదర్శి చెప్పే కథనమే చాలామందికి ఈ రాజ్యాన్ని గురించిన మొదటి పాఠం. తరచు చివరి పాఠం కూడా. అందులో కట్టడం స్వయంగా చెప్పేది ఏది, జనశ్రుతి చెప్పేది ఏది, మన వాఙ్మయం చెప్పగలిగి ఉండీ వినబడకుండా పోతున్నది ఏది అని వింగడించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కట్టడాల సాక్ష్యం

కాకతీయుల కాలపు మట్టికోటగా ప్రసిద్ధమైన ఈ దుర్గం 14వ శతాబ్ది ఉత్తరార్ధంలో ముసునూరి కాపయనాయకుని నుండి బహమనీల వశమైంది. బహమనీల తరఫున తెలంగాణాను పాలించిన సుల్తాన్ కులీ 16వ శతాబ్ది తొలి దశకాల్లో స్వతంత్రుడై, దీనిని రాతికోటగా పెంపొందించాడు. 1687లో ఔరంగజేబు వశమయ్యేవరకు అతని వంశమే ఏలింది.

మార్గదర్శి మొదట ఆగే చోటు బాలాహిస్సార్ ద్వారం. అక్కడ చప్పట్లు కొడితే కొండపైన వినిపిస్తుంది. శత్రువు రాకను తెలిపే ఏర్పాటు ఇదని వివరణ. సందర్శకులు చప్పట్లు కొట్టి ముందుకు సాగిపోతారు. అదే ద్వారం పైభాగాన సున్నపు పనిలో మలచిన యాళి, సింహం, నెమలి రూపాలు చాలామంది దృష్టికి రావు. దక్కను కోటద్వారాల సంప్రదాయం సుల్తానుల కట్టడంలోకి ఎలా ప్రవేశించిందో తెలిపే ప్రత్యక్ష సాక్ష్యం అది. గోడల్లో నేటికీ కనిపించే మట్టిగొట్టాలు, కొండమీదికి అంచెలంచెలుగా నీటిని ఎక్కించిన ఏర్పాట్లు కోట నిత్యజీవనాన్ని పట్టిస్తాయి. శిఖర సమీపంలో ఇబ్రహీం మసీదు, రాతిగుండ్ల నడుమ జగదంబ ఆలయం దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఏటా ఆషాఢ బోనాలు ఇక్కడే మొదలవుతాయి.

జనశ్రుతి విలువ

రామదాసు బందీఖానా వద్ద మార్గదర్శి కథనం పతాకస్థాయికి చేరుతుంది. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్న ప్రభుత్వ ధనంతో భద్రాచల ఆలయం కట్టించి పన్నెండేళ్లు చెరలో ఉన్నాడనీ, రామలక్ష్మణులే వచ్చి తానీషాకు పైకం చెల్లించారనీ కథ. చీకటిగది, గోడమీది దేవతామూర్తులు కథకు బలమిస్తాయి. ఆ మూర్తులు రామదాసే చెక్కినవని ప్రతీతి.

దీనిని చారిత్రకం కాదని తోసివేయడం సులభం. అయితే కథ నిర్మాణాన్ని గమనిస్తే రెండు విషయాలు తేలుతాయి. మొదటిది: భక్తుణ్ణి చెరలో పెట్టిన పాలకునికే దైవదర్శనం లభించింది, భక్తునికి లభించలేదు. తానీషాను శత్రువుగా భావించిన సమాజం ఇలాంటి కథ అల్లుకోదు. రెండవది: గోపన్న, అతని బంధువులుగా చెప్పబడే అక్కన్న మాదన్నలు ఒకే రెవెన్యూ వ్యవస్థకు చెందినవారు. తెలుగు ఉద్యోగిని ప్రధానమంత్రిగా నిలిపినదీ, లెక్కల్లో తేడా వస్తే ఖైదు చేసినదీ ఆ వ్యవస్థే. కనుక ఈ కథను మతసంఘర్షణగా వినిపించినా, కేవలం మహిమగా వినిపించినా దానిలోని పాలనాచరిత్ర మరుగున పడుతుంది.

వినబడని సాక్ష్యం

మధ్యాహ్నం సమాధుల వద్ద మరో చిక్కు ఎదురవుతుంది. నల్లరాతి గోరీలపై కనిపించే చెక్కడాలు అరబీ, పారసీక భాషల్లోనివి. జంషీదు గోరీపై లేఖనమే లేదు. దౌలతాబాదు చెరలో కన్నుమూసిన చివరి సుల్తాను అబుల్ హసన్ సమాధి ఈ ఆవరణలోనే లేదు. చూసింది చూసినట్లు గ్రహించేవారికి ఈ రాజ్యంలో తెలుగుకు స్థానం లేదనిపించడం సహజం. మార్గదర్శి కథనంలో రామదాసు తప్ప మరో తెలుగు గొంతు లేకపోవడం ఆ భావనను స్థిరపరుస్తుంది.

ఆ లోటు తీర్చే ఆధారం రాతిమీద కాక కావ్యావతారికల్లో ఉంది. అన్న జంషీదు పాలనలో విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయం పొందిన ఇబ్రహీం 1550లో తిరిగి వచ్చి 1580 వరకు ఏలాడు. తెలుగు కవులకు అతడు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికి అంకితం చేశాడు. అతని అధికారి అమీన్‌ఖాను పొన్నిగంటి తెలగన చేత తొలి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రను కృతిగా పొందాడు. మహమ్మద్ కులీ కాలంలో వైజయంతీవిలాసం రచించిన సారంగు తమ్మయ గోల్కొండ కరణమే. అనంతర కాలపు కుతుబ్‌షాహీ ఫర్మానాలు పారసీకంతోపాటు తెలుగులోనూ వెలువడ్డాయి.

అయితే ఇదే ఇబ్రహీం 1565లో, తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలపై యుద్ధానికి దిగిన కూటమిలో ఉన్నాడు. అవతారిక స్తుతి ప్రధానమైన రచన. కృతిభర్తకు ఇబ్బంది కలిగించేదాన్ని చెప్పడం దాని ధర్మం కాదు. దానిని ఆధారంగా తీసుకునేటప్పుడు ఈ ఎరుక అవసరం.

ముగింపు

శిథిలం మాట్లాడదు, జనశ్రుతి తేదీలు చెప్పదు, అవతారిక దోషాలు చెప్పదు. ఒకదాని కొరతను మరొకటి పూరించినప్పుడే గోల్కొండ చరిత్ర అర్థమవుతుంది. ఈ పని చరిత్ర శాఖకు మాత్రమే పరిమితం కాదు. అవతారికలను పాఠ్యాంశంగా బోధించే తెలుగు శాఖలు వాటిని స్థలంలోనే చదివించవచ్చు: ఇబ్రహీం సమాధి వద్ద గంగాధరుని అవతారికను, బందీఖానా వద్ద ద్విభాషా ఫర్మానా ప్రతిని. మార్గదర్శి కథనాన్ని ఆపనక్కరలేదు. దాని పక్కన ఈ పాఠాలను నిలిపితే చాలు. విద్యార్థి రెండింటినీ సరిపోల్చుకుంటాడు. అలా చేయనంతకాలం, తెలుగు కవిని ఆదరించిన కోటనుండి తెలుగు విద్యార్థి చప్పట్ల మోత మాత్రమే విని తిరిగి వస్తాడు.