కీబోర్డు మీద పరిశోధన నివేదిక: మొదటి వారం నుంచి చివరి పేజీ దాకా

ఏదైనా ఒక కంప్యూటర్ పరికరం గురించి నివేదిక రాయమంటే చాలామంది పిల్లలు ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు పేజీలూ రెండు బొమ్మలూ అతికించి ఇచ్చేస్తారు. అందులో కాపీ చేసింది ఉంటుంది గానీ తెలుసుకున్నది ఉండదు. మంచి నివేదికకు ఖరీదైన వస్తువు అక్కర్లేదు. చేత్తో తాకి, పరీక్షించి చూడగలిగేది చాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన రాజపాళయం పిల్లలకు కీబోర్డు అలాంటి వస్తువు.

1. ముందు ప్రశ్న (మొదటి వారం)

"కీబోర్డు గురించి" అన్నది విషయం మాత్రమే, ప్రశ్న కాదు. "ఇంగ్లీషు అక్షరాలు ముద్రించిన ఒకే కీబోర్డు తెలుగునూ తమిళాన్నీ ఎలా రాయగలుగుతోంది?" అన్నది ప్రశ్న. జవాబు వెతకడానికి ఏం చెయ్యాలో అందులోనే తెలుస్తుంది. మీ ప్రశ్న ఒకే వాక్యంలో రాసి టీచరుకు చూపించండి.

2. కొంచెం చరిత్ర

ఒక పేజీ మించకండి. ఇప్పటి ఇంగ్లీషు అక్షరాల అమరిక టైపురైటర్ నుంచి వచ్చింది. అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్ బృందానికి 1868లో పేటెంటు వచ్చింది. 1874లో రెమింగ్టన్ సంస్థ ఆ యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. భారతీయ భాషలకు ఇన్‌స్క్రిప్ట్ అనే ఉమ్మడి అమరిక ఉంది. 1991లో వచ్చిన ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణంలో అది చేరింది. తమిళానికి ప్రత్యేకంగా తమిళ్ 99 అమరికను తమిళనాడు ప్రభుత్వం 1999లో ఆమోదించింది.

3. లోపల ఏముంది (రెండో వారం)

పాడైపోయిన వైరు కీబోర్డు ఒకటి సంపాదించండి. కంప్యూటర్ నుంచి తీసేశాకే, పెద్దవాళ్ల ఎదుట మరలు విప్పండి. మామూలు రకంలో రబ్బరు బుడిపెలు, వాటి కింద గీతలు ముద్రించిన పల్చటి ప్లాస్టిక్ పొరలు కనిపిస్తాయి. కీ నొక్కితే పై పొర గీత కింది పొర గీతను తాకుతుంది.

వందకు పైగా కీలకు వంద వైర్లు ఎందుకు లేవు? మన నూలు మిల్లుల ఊరి పిల్లలకు చెప్పడం తేలిక. బట్టలో పడుగూ పేకా అల్లుకున్నట్టు ఇక్కడ నిలువు గీతలూ అడ్డ గీతలూ ఉంటాయి. 16 నిలువు, 8 అడ్డం ఉంటే 128 కూడళ్లు. అంటే 24 గీతలతోనే 128 కీల దాకా గుర్తించవచ్చు. చిన్న చిప్ ఒకటి ఈ కూడళ్లను సెకనుకు ఎన్నోసార్లు వెతుకుతూ ఉంటుంది. ఏ కూడలి కలిసిందో చూసి ఆ కీ నంబరును పంపిస్తుంది.

ముఖ్యమైన మాట ఇదే: కీబోర్డు పంపేది అక్షరం కాదు, కీ నంబరు. దాన్ని ఏ భాష అక్షరంగా చూపించాలో కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది.

4. ప్రయోగం (మూడో వారం)

సెట్టింగ్స్‌లో తెలుగు, తమిళం రెండింటికీ ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకోండి. తెలుగులో షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి నొక్కితే "అమ్మ" వస్తుంది. తమిళానికి మార్చి అవే కీలు నొక్కి, చివర ఇ కలిపితే తమిళ "అమ్మా" వస్తుంది. తమిళంలో "గ"కు వేరే అక్షరం లేదు కదా, తెలుగు "గ" ఉన్న ఐ కీ తమిళంలో ఏం చేస్తుందో చూసి రాసుకోండి.

ఇంకొకటి. స్ప్రెడ్‌షీట్‌లోని యూనికోడ్ ఫార్ములాతో అక్షరాల సంఖ్యలు కనుక్కోండి. తెలుగు "అ" 3077, తమిళ "అ" 2949. తేడా 128. "క", "మ" అక్షరాలకూ ఇదే తేడా వస్తుందా? మీరే పరీక్షించి పట్టిక వెయ్యండి.

5. రాయడం (నాలుగో వారం)

ప్రశ్న, చదివింది, చేసింది, చూసింది, తేలింది: ఈ వరుసలో రాయండి. అనుకున్నది రాకపోయినా దాచకండి, అదీ ఫలితమే. ఎక్కడ చదివారో ఆ పుస్తకం లేదా పేజీ పేరు తప్పక ఇవ్వండి. బొమ్మలు మీరే గీయండి.

తల్లిదండ్రులకు

నివేదిక మీరు రాసి ఇవ్వకండి. "ఇందులో నువ్వే స్వయంగా చూసింది ఏది?" అని అడగండి చాలు. ఇంకొక చిన్న సాయం కూడా చేయవచ్చు. మన పిల్లల్లో చాలామంది తెలుగు బాగా మాట్లాడతారు, ఫోనులో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. అవ్వలు, తాతలు వాడే ఇంటి మాటలు ఓ ఇరవై చెప్పించి, పిల్లల చేత తెలుగు అక్షరాల్లోనే టైపు చేయించి నివేదిక చివర చేర్చండి. ఆ పేజీ ఏ వెబ్‌సైటు నుంచీ కాపీ చేయడానికి దొరకదు. మార్కులు వచ్చాక కూడా ఇంట్లో దాచుకోదగ్గది అదే.