కర్నూలు, కడపల్లో ఇల్లు కొంటున్నారా? ముందుగా ఊరి నీళ్ల కథ తెలుసుకోండి

రాయలసీమ అంటే కరువు సీమ. ఇక్కడ ఇల్లు కొనేవాళ్లు మొదట అడిగేది బోరులో నీళ్లున్నాయా, కుళాయి రోజూ వస్తుందా అనే. అయితే కర్నూలు, కడపల్లో ఇళ్లను ముంచింది కూడా నీళ్లే. అందుకే ఈ రెండు ఊళ్లలో స్థలం కొనే ముందు ఊరు ఎలా పెరిగిందో తెలిసి ఉండటం మంచిది.

కర్నూలు: కోట పక్కన ఊరు, క్యాంపుల్లో రాజధాని

తుంగభద్ర, హంద్రీ కలిసే చోట పాత కర్నూలు పుట్టింది. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల ఉన్న వన్‌టౌన్ ఇప్పటికీ వ్యాపారాలకు అడ్డానే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు బిల్డింగులు చాలక అప్పట్లో గుడారాలు కూడా వేశారు. ఉద్యోగుల కోసం వెలసిన ఏ క్యాంప్, బీ క్యాంప్, సీ క్యాంప్ పేర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్‌కు వెళ్లిపోయినా క్యాంపులు మాత్రం మిగిలాయి. సీ క్యాంప్ రైతుబజారు ఇప్పుడు ఊళ్లో అందరికీ తెలిసిన గుర్తు.

ప్రకటనలు వేరు, ధర వేరు

రాజధాని మాట కర్నూలును తర్వాత కూడా వదల్లేదు. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తూ చట్టం వచ్చింది. 2021 నవంబరులో ఆ చట్టాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచ్ కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది. తీర్మానం అయినంత మాత్రాన బెంచ్ వచ్చినట్టు కాదు, దాని తర్వాత ఇంకా దశలుంటాయి. కాబట్టి రేపు ఏదో వస్తుందని చెప్పే ధరకు కొనకండి. ఈ రోజు అక్కడ రోడ్డు, డ్రైనేజీ, నీటి కనెక్షన్ ఉన్నాయా అన్నది చూసి బేరమాడండి.

2009 మరిచిపోవద్దు

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగడంతో కర్నూలు నగరంలో చాలా భాగం నీట మునిగింది. ఇప్పుడు కొత్తగా రంగులేసిన ఇంటిని చూస్తే ఆ సంగతి తెలియదు. అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పక్కింటి పెద్దవాళ్లను అడగండి: ‘అప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి?’ బ్రోకర్ చెప్పని సంగతి వాళ్లు చెప్తారు.

కడప: ఏడు రోడ్లు, ఒక వంక

కడప సెంటర్ అంటే ఏడు రోడ్ల కూడలి. వై.వి. స్ట్రీట్‌లో బట్టల షాపులు, బంగారం షాపులు ఎప్పుడూ కిటకిటలాడుతుంటాయి. ఊరి మధ్య నుంచి పారే బుగ్గవంక ఏడాదిలో చాలా నెలలు సన్నగా కనిపిస్తుంది. కానీ 2001లో ఇదే వంక పొంగి ఊరిని ముంచింది. 2020 నవంబరులో నివర్ తుపాను సమయంలోనూ ఒడ్డున ఉన్న కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. వంక దగ్గర్లో స్థలం చవగ్గా దొరుకుతోందంటే కారణం అడగాల్సిందే.

కాగితాల్లో ఏం చూడాలి?

- కర్నూలు, కడప రెండూ నవాబులు ఏలిన ఊళ్లు. పాత బస్తీల్లో వక్ఫ్, దేవాదాయ భూములు ఉంటాయి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. అసైన్డ్ భూములు కూడా ఆ జాబితాలోనే ఉంటాయి.
- ఈసీ తీయించండి. కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు లాయర్‌కు చూపించండి.
- లేఅవుట్‌కు అనుమతి ఉందా? కర్నూలులో కుడా, కడపలో అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో విచారించండి. 500 చదరపు మీటర్లు లేదా 8 ఇళ్లు దాటిన కొత్త ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.
- ఇక్కడ స్థలం ధర సెంట్లలో చెప్తారు. సెంటు అంటే 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. గజాల్లో చెప్పిన ధరతో పోల్చే ముందు లెక్క కట్టుకోండి.

రెండుసార్లు చూడండి

అడ్వాన్సు ఇచ్చే ముందు వీలైతే ఇంటిని రెండుసార్లు చూడండి. మే నెలలో వెళ్తే కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో తెలుస్తుంది. అక్టోబరులో పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్తే వీధిలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో కనబడుతుంది. అంత టైమ్ లేకపోతే ఈ రెండు ప్రశ్నలూ ఆ వీధిలోని కిరాణా కొట్టాయనను అడిగి రండి. జీవితకాలం దాచుకున్న డబ్బు పెట్టే చోట ఆ మాత్రం విచారణ తప్పదు.