గడీసాజ్ చేతిలో అమానత్



గడియారం బాగుచేసే మనిషిని ఉర్దూలో గడీసాజ్ అంటాం. పుస్తకాలకు అట్ట కట్టేవాడు జిల్ద్‌సాజ్ అయినట్టే ఇదీ. మన ఇళ్లల్లో అల్మారా తెరిస్తే అబ్బాదో, నానాదో ఒక చాబీ గడియారం ఎక్కడో ఒక మూల ఉంటుంది. అది ఆగిపోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ యాద్ ఉండదు. మా అబ్బా హెచ్ఎంటీ జనతా కూడా అట్లాగే ఆగింది. దాన్ని ఎవరి చేతికివ్వాలి, ఎవర్ని నమ్మాలి అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగాను. తిరుగుతుంటే ఈ హునర్ తారీఖ్ కూడా కొంత అర్థమైంది. రెండూ కలిపి చెబుతాను.

మన దీన్‌లో వక్త్‌కు ఉన్న ఖదర్ తెలిసిందే. ఐదు పూటల నమాజ్, రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ అన్నీ వక్త్ మీదే నడుస్తాయి. అందుకే పాతకాలంలో పెద్ద మసీదుల్లో మువఖ్ఖిత్ అనే ఉద్యోగి ఉండేవాడు. నమాజ్ వేళలు లెక్కగట్టడమే ఆయన పని. దమిష్క్ ఉమయ్యద్ మసీదు మువఖ్ఖిత్ ఇబ్న్ అల్ షాతిర్ 1371లో అక్కడి మీనార్ కోసం నీడ గడియారం తయారు చేశాడు. అంతకు ముందే, 1206లో, అల్ జజరీ తన కితాబ్‌లో ఏనుగు ఆకారంలో ఉండే నీటి గడియారం ఎట్లా చేయాలో బొమ్మలతో సహా రాసిపెట్టాడు. 16వ శతాబ్దంలో తఖీయుద్దీన్ పళ్ల చక్రాల గడియారాల మీద కితాబ్ రాశాడు. 1577లో ఇస్తాంబుల్‌లో నక్షత్రశాల నడిపిందీ ఆయనే. గడియారం పని మనకు పరాయిది కాదని చెప్పడానికే ఇదంతా.

మన దక్కన్‌కు వస్తే, చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ గడియారం చూడటానికి ఇప్పటికీ జనం గుమిగూడతారు. అప్పట్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నిజాం రియాసత్‌లోని నల్గొండ జిల్లావే. చేతికి గడియారం అంటే జాగీర్దార్లకు, పెద్ద ఓహ్దేదార్లకు ఉండే షాన్. మామూలు రయ్యత్‌కు అజాన్, గోడ నీడ, కోడికూత చాలు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత ఉర్దూకు దఫ్తరీ జుబాన్ హోదా పోయింది. ఉర్దూ చదువును నమ్ముకున్న ఎన్నో ఇళ్ల రోజ్‌గార్ కూలిపోయింది. దఫ్తర్ నౌకరీ దొరకని ఇళ్ల పిల్లలు సైకిల్ రిపేర్, దర్జీ పని, గడియారాల పని పట్టుకున్నారని మా బుజుర్గులు చెప్పేవారు. ఆ చేతులకు పని దొరికింది హెచ్ఎంటీ వచ్చాకే. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో ఫ్యాక్టరీ మొదలైంది. జనతా, పైలట్, కోహినూర్, సోనా అని రకరకాలు. నిఖాలో దూల్హా చేతికి గడియారం పెట్టడం రివాజ్ అయింది. గల్ఫ్‌కు పోయిన వాళ్లు సీకో 5 తెచ్చేవాళ్లు. బస్టాండ్ పక్కన, మెట్ల కింద చిన్న అద్దాల పెట్టె పెట్టుకుని, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న చాచా ప్రతి ఊళ్లో ఉండేవాడు.

తర్వాత కాలం తిరగబడింది. 1969లో సీకో కంపెనీ క్వార్ట్జ్ చేతి గడియారం తెచ్చింది. మన దగ్గర 1984లో టైటాన్ కంపెనీ పుట్టింది. బ్యాటరీ గడియారానికి రోజూ చాబీ అక్కర్లేదు, ధర తక్కువ. పైనుంచి మొబైల్ వచ్చింది. 2016 జనవరిలో హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరు 11న సూర్యాపేట కొత్త జిల్లా అయింది. ఊరు పెరిగింది, గడీసాజ్‌లు తగ్గారు. ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు బ్యాటరీలు, బెల్టులు మార్చడమే పనిగా బతుకుతున్నారు.

మరి నమ్మకం సంగతి ఎందుకింత ముష్కిల్? జనతా లోపల 17 రాళ్ల మెషీన్ ఉంటుంది. బ్యాలెన్స్ చక్రం సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది, అంటే గంటకు 18,000. ఏళ్లు గడిస్తే నూనె ఎండి, మురికి పట్టి, చక్రాల ఇరుసులు అరిగిపోతాయి. దాన్ని పూర్తిగా విప్పి, కడిగి, ఎక్కడెంత నూనె కావాలో అంతే పెట్టాలి. ఈ పని మూత కింద జరుగుతుంది, మన కళ్లకు కనిపించదు. మా రిష్తేదార్ ఒకాయన స్విస్ గడియారాన్ని ఒక పెద్ద షహర్‌లో ఇస్తే డయల్ అదే, మెషీన్ వేరే తిరిగొచ్చింది. ఇంకొన్ని చోట్ల పాత డయల్‌కు రంగేసి కొత్తదిలా చేస్తారు. అబ్బా చూసిన ముఖం పోయి ఇంకో ముఖం వస్తుంది.

గడియారం ఇచ్చామంటే అమానత్ ఇచ్చినట్టే. మన ప్రవక్త (స)ను నబువ్వత్‌కు ముందే మక్కా జనం అల్ అమీన్ అని పిలిచేవాళ్లు. హిజ్రత్ రాత్రి కూడా తన దగ్గర ఉన్న అమానత్‌లు వాళ్లవాళ్లకు అప్పజెప్పమని హజ్రత్ అలీ (ర)ని మక్కాలో ఉంచి వెళ్లారు. పాత ఇస్లామీ నగరాల్లో తూకాలు, చేతి పనుల్లో మోసం పట్టడానికి ముహ్తసిబ్ అనే అధికారి బజార్లో తిరిగేవాడు. ఇప్పుడు ముహ్తసిబ్ లేడు. ఆ పరఖ్ మనమే చేసుకోవాలి.

సూర్యాపేటలో ఒకాయన చూడగానే, "బేటా, దీని సామాన్లు నా దగ్గర లేవు, నాతోని కాదు" అన్నాడు. పైసా తీసుకోలేదు. ఆ మాటతోనే ఆయన మీద ఇజ్జత్ పెరిగింది. కోదాడలో ఇంకో దుకాణంలో, "పెట్టిపోండి, సాయంత్రం రండి" అన్నారు. మూత తెరిచి చూపమంటే ముఖం చిట్లించారు. నేను సలాం చెప్పి వచ్చేశాను. మిర్యాలగూడలో ఒక బుజుర్గ్ మాత్రం నా ముందే మూత తీసి, భూతద్దం నా చేతికిచ్చి, "చూడు, ఇదే మీ అబ్బా మెషీన్. ఫొటో తీసుకో, మళ్లొచ్చినప్పుడు కలిపి చూసుకో" అన్నాడు. మూడు వారాలు అడిగాడు. తిరిగిచ్చేటప్పుడు తీసేసిన పాత స్ప్రింగ్‌ను కాగితం పొట్లంలో కట్టి ఇచ్చాడు.

ఆ ముగ్గుర్నీ చూశాక నాకు తెలిసింది ఇది. మంచి గడీసాజ్ మీ కళ్ల ముందు తెరుస్తాడు. ఖర్చు ముందే చెబుతాడు. తనవల్ల కాకపోతే కాదంటాడు. బాగుచేశాక గడియారాన్ని పడుకోబెట్టి, నిలబెట్టి కొన్ని రోజులు తన దగ్గరే నడిపి చూస్తాడు. మార్చిన సామాన్ వాపస్ ఇస్తాడు. మీరు అడగకుండా డయల్ జోలికి పోడు. పని ఎవరి దగ్గర నేర్చుకున్నావు చాచా అని అడిగితే ఉస్తాద్ పేరు అదబ్‌తో చెబుతాడు.

మిర్యాలగూడ చాచాను నేనూ అడిగాను. ఉస్తాద్ గురించి అరగంట చెప్పాడు. శాగిర్ద్ ఎవరని అడిగితే, ఎవరూ లేరన్నాడు. కొడుకులు వేరే పనుల్లో ఉన్నారట. అల్మారాలో అబ్బా గడియారం ఉన్నవాళ్లు ఆలస్యం చేయకండి. ఇలాంటి ఉస్తాద్ మీ ఊళ్లో ఇంకా కూర్చుని ఉంటే, ఈ జుమా నమాజ్ అయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. గడియారం బాగవుతుంది. పని ఎట్లా జరుగుతుందో పిల్లలూ ఒకసారి చూస్తారు.