మట్టిగోడ మీది రంగులు



ఇల్లు అలంకరించుట యనగానే నేడు మనకు ధనమును, పట్నపు అంగడియు తలపునకు వచ్చుచున్నవి. ఇది యిటీవల పుట్టిన తలపు. మన గోడల చరిత్రను పరిశీలించినచో, ఆ యలంకరణ చాలవరకు చెరువుగట్టున దొరకు మన్నుతోను, బట్టీలో కాలిన సున్నముతోను, పొయ్యి మీది మసితోను జరిగినదని తెలియగలదు. ఆ చరిత్రను కొంత మనవి చేయుదును.

నా బాల్యమున మాది మట్టిగోడల యిల్లు. సంక్రాంతికి పది దినములు ముందుగనే మా అమ్మ యెర్రమన్నును పేడతో కలిపి గోడలు అలికెడిది. ఆరిన పిమ్మట వెల్ల వేసెడిది. గోడ యడుగున జానెడెత్తు జాజు పట్టెయు, దానిపై తెల్లని చుక్కలును దీర్చెడిది. గడపకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టెడిది. ద్వారమున కిరువైపుల రెండు చిలుకలను వ్రాసెడిది. ఆ చిలుకల మెడవంపు మా యూర మరి యే యింటను లేదు. వీధి మొదటినుండియే యిది మా యిల్లని గుర్తింపవచ్చును. దీనికంతటికి అయిన వ్యయము సున్నమునకిచ్చిన కొన్ని అణాలు మాత్రమే.

ఈ జాజు సామాన్యమైనది కాదు. ఇనుము కలిసిన మన్నగుటచే ఎండకు వెలియదు. భూపాలపల్లి ప్రాంతమున పాండవుల గుట్టలలో, చరిత్రకు పూర్వపు మానవులు రాతిచరియలపై వ్రాసిన బొమ్మలు నేటికిని ఎర్రగా కనబడుచున్నవి. ఆ యెరుపు ఈ జాతి మన్నుదే. మన యాడువారు గోడకు పూసినదియు అదియే.

ఇక అజంతా మాట. 1956 వరకు ఆ గుహలు హైదరాబాదు రాజ్యములోనివే. 1914లో నేర్పడిన ఆ రాజ్యపు పురావస్తుశాఖ వాని సంరక్షణమునకు పూనుకొనెను. దాని యధికారి గులాం యజ్దానీ ఆ చిత్రములను గూర్చి పెద్ద గ్రంథములను వెలువరించెను. అచటి చిత్రకారులు గుహగోడకు ముందు మన్ను, ఇసుక, ఊక, గడ్డిపీచు కలిపి మెత్తిరి. దానిపై పలుచగా తెల్లపూత పూసిరి. పిమ్మట ఎర్రమన్ను, పచ్చమన్ను, ఆకుపచ్చరాతి పొడి, దీపపు మసి ఉపయోగించి బొమ్మలు వ్రాసిరి. గోడను సిద్ధపరచుటలో వారి పనికిని మా అమ్మ పనికిని గల పోలిక మీకు తెలియకపోదు. వారు దూరదేశమునుండి తెప్పించుకొనిన రంగు నీలమొక్కటియే. అది ఆఫ్‌ఘన్ కొండలలో దొరకు రాజావర్తమను రాతిని నూరిన పొడి.

నేలమీది ముగ్గునకును పాతచరిత్ర కలదు. కల్యాణిచాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున చిత్రభేదములను చెప్పుచు, పొడితో వేయు ధూళిచిత్రమును గూడ లెక్కించెను. కాకతీయుల యోరుగల్లును వర్ణించు క్రీడాభిరామమున మాచల్దేవి చిత్రశాల ప్రస్తావన కలదు. ధనికులకు చిత్రశాల, పేదలకు వాకిలి. రెంటను మనుష్యుని కోరిక యొక్కటియే.

రాజులకు దుర్లభమైన ఆ నీలము సయితము కాలక్రమమున పేదయింటికి వచ్చెను. 1828 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు గిమె యనువాడు ఆ రంగును కృత్రిమముగా చేయు మార్గమును కనిపెట్టెను. చాకలి నీలిమందు ఆ జాతిదే. దానిని చిటికెడు సున్నపునీట కలిపి, తెల్లని గోడకు లేత నీలిచాయ తెచ్చుట మన మెరిగినదే. 1894లో రవివర్మ బొంబాయి సమీపమున రాతియచ్చు ముద్రణాలయమును నెలకొల్పిన తరువాత, దేవతల రంగుపటములును స్వల్పమైన వెలకు దొరకసాగెను. ఇవి రెండును మంచివే. కాని పటము ఊరంతయు నొక్కటియే. చిలుక మాత్రము ఏ యింటిది ఆ యింటిదే.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. 1983లో చేత నాలుగు రూకలు ఆడగా, అమ్మ గోడలకు సిమెంటు పూత వేయించితిని. అమ్మ ఒక్కమాటయు ననలేదు; చిలుకలవంక చూచి లోనికి పోయినది. మట్టిగోడ నేలచెమ్మను పీల్చి గాలికి విడుచును. సున్నపుపూత దాని కడ్డురాదు. సిమెంటు ఆ చెమ్మను లోననే బంధించును. నాలుగు వానకాలములు గడచునప్పటికి పూత ఉబ్బి, పెళ్లలుగా రాలి, లోపలి మన్ను మెత్తబడెను. గోడ మరల కట్టవచ్చును, కట్టితిని. కాని అప్పటికి అమ్మ లేదు. ఆ మెడవంపు తీర్చుటకు నేనెన్ని మారులు యత్నించినను కాకివలె వచ్చుచున్నది గాని చిలుకవలె రాలేదు.

కావున నా మనవి యిది. మట్టియిల్లు ఉన్నవారు దానికి సున్నమే వేయుడు. రాతిసున్నమును నీట విరియించి, రాత్రి నానబెట్టి, పలుచని బట్టతో వడగట్టి, చిక్కగా నొకమారు గాక పలుచగా రెండు మూడు మారులు పూయుడు. విరియునపుడు అది కాగి చిందును గనుక పిల్లలను దూరముంచుడు, కన్నులు కాచుకొనుడు. గాలి సోకిన కొలది ఆ పూత తిరిగి రాయివలె గట్టిపడును. సిమెంటు ఇల్లు కట్టినవారును చింతిల్ల పనిలేదు. గుమ్మము చుట్టును జాజు పట్టెయు, వాకిట ముగ్గును, పండుగనాడు మామిడాకుల తోరణమును ఏ యింటికైనను నొప్పును.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మీ యింట ముదుసలి తల్లియో, అత్తయో, అక్కయో యున్నచో, ఈ పండుగకు ఆమె చేతికి పిల్లల నోటుపుస్తకమొకటి యిచ్చి, ఆమె యెరిగిన ముగ్గులను, గోడబొమ్మలను వ్రాయుమని వేడుడు. ప్రక్కన మనుమరాలిని కూర్చుండబెట్టుడు. పుస్తకము వెల స్వల్పము. నేను ఆ పని చేయనైతిని, మీకింకను సమయమున్నది.