ప్రభుత్వ రహస్యముద్ర పూర్వకథ

రాజ్యమర్మములను దాచుకొనుట మన దేశమునకు క్రొత్త కాదు. చిలుకలు, గోరువంకలు, కుక్కలు సైతము మంత్రభేదము గావించినట్లు వినుచున్నామని, కావున మంత్రాలోచన పక్షుల కంటికైనను పడని చోట జరుగవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున హెచ్చరించెను. కాని ఆయన చింత మాటను గూర్చినది. కాగితమును గూర్చిన చింత మనకు ఆంగ్లేయుల కచేరీలతోడనే వచ్చినది.

కాశ్మీర మహారాజగు ప్రతాపసింహుని అధికారమును ప్రభుత్వము హరించిన పిదప, ఆ సంస్థాన వ్యవహారములపై విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండు వ్రాసిన గుప్తలేఖ యొకటి 1889 అక్టోబరులో అమృతబజారు పత్రికయందు అచ్చుపడగా, రాజప్రతినిధి లాన్స్‌డౌన్ ప్రభువు ఆ నెల దాటకమునుపే ప్రభుత్వ రహస్యముల చట్టమును గావించెను. ఇంగ్లండున ఆ యేడే వెలసిన శాసనము నమూనాగా నుండినమాట నిజమే. తొందరపెట్టినది మాత్రము ఆ పత్రికయేయని నాకు తోచును. 1904లో కర్జన్ ప్రభువు దానిని సైనికేతర విషయములకును విస్తరింపజేసెను. గోఖలే శాసనసభలో ఎంత వాదించినను లాభము లేకపోయెను. తరువాత వచ్చిన 1923 నాటి చట్టమే నేటికిని అమలున నున్నది.

విచిత్రమేమనగా, రహస్యమును వెల్లడించినవానినే కాక తెలిసి పుచ్చుకొన్నవానిని సైతము దండించు ఈ చట్టము, రహస్యమన నేమో ఎచ్చటను నిర్వచింపలేదు. ఏ కాగితముపై ఏ ముద్ర వేయవలెనో చెప్పునది హోం మంత్రిత్వశాఖ వారి సూచనల గ్రంథము. దాని ప్రకారము, బయటపడినచో దేశభద్రతకు అసాధారణమైన హాని కలిగించునది టాప్ సీక్రెట్. తీవ్రమైన హానియో, ప్రభుత్వమునకు తీవ్రమైన ఇబ్బందియో కలిగించునది సీక్రెట్. అంతకు తక్కువది కాన్ఫిడెన్షియల్. కచేరీ పనికి తప్ప ఇతరులకు చెప్పరానిది రెస్ట్రిక్టెడ్. దేశభద్రత సరసనే ప్రభుత్వపు ఇబ్బందిని కూర్చుండబెట్టుటయే ఇందలి అసలు మర్మము. తన తప్పు బయటపడుట ఏ ప్రభుత్వమునకు ఇబ్బంది కాదు? ఇట్టి కాగితములను పంపునపుడు ముద్ర గల కవరును సీలు వేసి, ఏ గుర్తును లేని మఱియొక కవరున నుంచుట వాడుక. త్రోవలో చూచినవానికి అది మామూలు తపాలే.

2005 నాటి సమాచారహక్కు చట్టము, ప్రజాహితము హానికన్న మిన్నయైనచో రహస్యముల చట్టము అడ్డురాదని విధించెను. 1923 చట్టమును రద్దుచేయుమని వీరప్ప మొయిలీ అధ్యక్షతను పరిపాలనా సంస్కరణల సంఘము 2006లో సిఫారసు చేసినను అది జరుగలేదు. పైగా 2019లో రఫేలు విమానముల వివాదమున, పత్రికలకెక్కిన రక్షణశాఖ పత్రములను న్యాయస్థానము చూడనేరాదని ప్రభుత్వము ఈ చట్టమును చేతబట్టుకొనియే వాదించెను. సుప్రీంకోర్టు ఆ యాక్షేపణను త్రోసిపుచ్చెను.